60 మంది శాంపిల్‌లో ఆర్ విలువ 0.25 వస్తే సంబంధం ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మంజీర

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పుట్టిన గంటలోపే బిడ్డకు తల్లిపాలు పట్టించడం గురించి తొలికాన్పు తల్లులకు ఎంత అవగాహన ఉంది, ఆ విషయంలో వారి దృక్పథం ఎలా ఉంది అనే అంశంపై థీసిస్ చేయబోతున్నాను. మా దగ్గర ఇలాంటి థీసిస్‌లలో రెండు పరికల్పనలు తప్పకుండా ఉంటాయి. అవగాహన మార్కులకూ దృక్పథం మార్కులకూ మధ్య సార్థకమైన సహసంబంధం ఉందన్నది మొదటిది. అవగాహన స్థాయికీ, తల్లి వయసు, చదువు, వృత్తి, కుటుంబ ఆదాయం వంటి నేపథ్య వివరాలకూ మధ్య సార్థకమైన సాహచర్యం ఉందన్నది రెండోది. మొదటిదానికి కార్ల్ పియర్సన్ గుణకం, రెండోదానికి కై-స్క్వేర్ పరీక్ష వాడాలని సీనియర్లు చెప్పారు గానీ, ఎందుకలా అన్నది నాకు ఇంకా స్పష్టంగా తెలియడం లేదు.

అసలు సందేహం బయోస్టాటిస్టిక్స్ తరగతిలో ఇచ్చిన ఒక అభ్యాసం దగ్గర మొదలైంది. అందులో రెండు ఊహాత్మక అధ్యయనాలు ఉన్నాయి. రెండింటిలోనూ ఆర్ విలువ, అంటే పియర్సన్ గుణకం, 0.25 మాత్రమే. శాంపిల్ 60 మంది ఉన్న అధ్యయనంలో పి-విలువ 0.054 వచ్చింది కాబట్టి సంబంధం లేదని రాయాలట. 100 మంది ఉన్న అధ్యయనంలో 0.012 వచ్చింది కాబట్టి సంబంధం ఉందని రాయాలట. ఒకే గుణకం ఒకచోట సంబంధాన్ని చూపించి, మరోచోట చూపించకపోవడం ఎలా సాధ్యం? పి-విలువ ఎంత తక్కువైతే సంబంధం అంత బలమైనదని అనుకోవచ్చా? నా థీసిస్‌కు కూడా 60 మందినే అనుకున్నాము. సమాచార సేకరణ ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి, ఇప్పుడే సరిదిద్దుకోగలిగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం: తూరుపుతీరం

మంజీర గారూ, ఆ అభ్యాసాన్ని కంప్యూటర్‌కు వదిలేయకుండా ఒకసారి చేత్తో చేసి చూస్తే సగం సందేహం అక్కడే తీరిపోతుంది. ఈ తల్లులు ఏ జనాభా నుంచి వచ్చారో ఆ మొత్తం జనాభాలో సహసంబంధం సున్నా అన్నది ఇక్కడ శూన్య పరికల్పన. అది నిజమే అయినప్పటికీ, అందులోంచి కొద్దిమందిని యాదృచ్ఛికంగా తీసుకున్నప్పుడు ఆర్ విలువ సరిగ్గా సున్నా రాదు, సున్నాకు అటో ఇటో కొంత జరుగుతుంది. ఎంత వరకు జరగవచ్చన్నది శాంపిల్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పరీక్ష చేసే పని ఒక్కటే: మనకు వచ్చిన ఆర్ అలా యాదృచ్ఛికంగా జరిగే హద్దుల్లోనే ఉందా, వాటిని దాటిందా అని చూడడం. పి-విలువ అంటే, శూన్య పరికల్పన నిజమైనప్పుడు కూడా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద ఆర్ రావడానికి ఉన్న సంభావ్యత; అది 0.05 కన్నా తక్కువైతే ఫలితాన్ని 5 శాతం స్థాయిలో సార్థకం అంటాము.

శాంపిల్ సంఖ్యలోంచి 2 తీసివేసి, దాని వర్గమూలాన్ని ఆర్‌తో గుణించి, ఆ లబ్ధాన్ని 1 నుంచి ఆర్ వర్గం తీసివేయగా మిగిలినదాని వర్గమూలంతో భాగిస్తే టీ విలువ వస్తుంది. 60 మంది ఉన్నప్పుడు 58 వర్గమూలం 7.616, దాన్ని 0.25తో గుణిస్తే 1.904, దాన్ని 0.968తో భాగిస్తే 1.97. 58 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ శాంపిల్ సంఖ్యలోంచి 2 తీసివేయగా వచ్చినది) దగ్గర 5 శాతం సార్థకత స్థాయికి పట్టికలో ఉన్న విలువ 2.00 కాబట్టి మన 1.97 వెంట్రుకవాసిలో ఆగిపోయింది. 100 మంది ఉన్నప్పుడు అదే లెక్కకు 2.56 వస్తుంది, పట్టిక విలువ 1.98, కాబట్టి దాటింది. గుణకం మారలేదు, దాన్ని కొలిచిన పరికరం సూక్ష్మత మారింది.

అందువల్ల మొదటి అధ్యయనం గురించి "సంబంధం లేదు" అని రాయడం సరికాదు. ఆ మాట అనడానికి కావలసిన ఆధారం 60 మందిలో లేదు. ఇది అర్థం కావాలంటే పి-విలువ పక్కన కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (జనాభాలోని అసలు గుణకం ఉండగల విలువల పరిధి) కూడా వేయాలి. ఆర్ విలువల విభాజనం గుణకం పెద్దదయ్యేకొద్దీ ఒక పక్కకు వాలిపోతుంది కాబట్టి, రొనాల్డ్ ఫిషర్ 1921లో దాన్ని ఇంచుమించు నార్మల్ విభాజనంగా మార్చే పద్ధతి ఒకటి వివరించాడు. దానినే ఇప్పటికీ వాడుతున్నాము. ఆ పద్ధతిలో 60 మందికి 95 శాతం ఇంటర్వెల్ మైనస్ 0.004 నుంచి 0.47 వరకు వస్తుంది, 100 మందికి 0.06 నుంచి 0.43 వరకు వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అవి ఒకదానికొకటి విరుద్ధంగా మాట్లాడడం లేదు. మొదటి అధ్యయనం అసలు సంబంధం సున్నా కావచ్చు, 0.47 కూడా కావచ్చు అంటోంది, రెండోది ఆ పరిధిని కొంత కుదించింది, అంతే. 0.054ను ఒక ఒడ్డున, 0.012ను మరో ఒడ్డున పెట్టి తీర్పు చెప్పే అలవాటు మన విద్యార్థులకు చాలా నష్టం చేస్తోందని నా గట్టి అభిప్రాయం.

పి-విలువ బలాన్ని చెబుతుందా అన్న ప్రశ్నకు జవాబు, చెప్పదు. పదివేల మందిలో ఆర్ 0.03 వచ్చిందనుకోండి. టీ విలువ 3.00, పి-విలువ 0.003 దరిదాపుల్లో ఉంటుంది, అంటే మీ అభ్యాసంలోని రెండింటికన్నా ఘనంగా కనిపిస్తుంది. కానీ 0.03 వర్గం 0.0009, ఒక చలరాశిలోని తేడాల్లో వెయ్యో వంతు కూడా రెండోదానితో ముడిపడి లేవన్నమాట. ఆసుపత్రిలో ఏ నర్సూ అంత చిన్న సంబంధాన్ని ఆధారం చేసుకుని ఏ పనీ చేయలేరు.

ఇప్పుడే సరిదిద్దుకోగలిగింది శాంపిల్ పరిమాణమే. జనాభాలో అసలు సహసంబంధం 0.3 ఉంటే, దాన్ని 5 శాతం స్థాయిలో 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి దాదాపు 85 మంది కావాలి. 60 మందితో చేస్తే ఆర్ కనీసం 0.254 వస్తేనే సార్థకం అవుతుంది. వీలైతే మీ గైడ్‌తో ఈ సంఖ్య గురించి ముందే మాట్లాడండి.

సమాధానం: ఓరుగల్లు

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పనిచేస్తున్నాను. పైన సహసంబంధం గురించి చెప్పింది సాహచర్యానికి కూడా వర్తిస్తుంది కాబట్టి, పట్టికల సంగతి నేను రాస్తాను. ఎప్పుడు ఏది వాడాలన్నది చలరాశుల స్వభావాన్ని బట్టి తేలుతుంది. మార్కుల్లా, బరువులా రెండూ కొలతలైతే సహసంబంధం. మతం, వృత్తి, కాన్పు విధానంలా రెండూ వర్గాలైతే పట్టిక, కై-స్క్వేర్. కై-స్క్వేర్ శూన్య పరికల్పన ఏమిటంటే, అడ్డు వరుస ఏదైనప్పటికీ నిలువు వరుసల్లోని నిష్పత్తులు ఒకటేనని. అది నిజమైతే ప్రతి గడిలో ఎంతమంది ఉండాలో లెక్కగట్టి, గమనించిన సంఖ్యకూ ఆ సంఖ్యకూ ఉన్న తేడాను వర్గం చేసి, ఆశించిన సంఖ్యతో భాగించి, అన్ని గడులవీ కూడుతాము.

దీనికి నేను తరగతిలో ఎప్పుడూ చూపించే నిజమైన ఉదాహరణ రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950 సెప్టెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పట్టిక. లండన్‌లోని 20 ఆసుపత్రుల నుంచి వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనూ, ఇతర జబ్బులతో చేరినవారినీ పొగతాగే అలవాటు గురించి అడిగారు. మగవారిలో 649 మంది క్యాన్సర్ రోగులకు గాను పొగ తాగనివారు ఇద్దరే. పోలిక కోసం తీసుకున్న 649 మందిలో 27 మంది. ఆడవారిలో 60 మంది రోగులకు గాను 19 మంది, పోలిక వర్గంలోని 60 మందిలో 32 మంది.

మగవారి పట్టికలో మొత్తం 29 మంది పొగ తాగనివారు. క్యాన్సర్‌తో సాహచర్యం లేకపోతే వారు రెండు వర్గాల్లో సమానంగా, అంటే 14.5 చొప్పున ఉండాలి. ఉన్నది 2, 27. ఈ ఒక్క తేడా నుంచే కై-స్క్వేర్ 22.04 వస్తుంది. ఆడవారిలో 5.76 వస్తుంది. ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కు 5 శాతం పట్టిక విలువ 3.84 కాబట్టి రెండూ సార్థకమే. ఆ వ్యాసంలో మగవారికి కచ్చిత పద్ధతిలో లెక్కగట్టి ఇచ్చిన సంభావ్యత 0.00000064.

ఇప్పుడు బలం సంగతి చూడండి. కై-స్క్వేర్‌ను మొత్తం మందితో భాగించి వర్గమూలం తీస్తే ఫై గుణకం వస్తుంది. మగవారిలో అది 0.13, ఆడవారిలో 0.22. అంటే ఫై ప్రకారం ఆడవారిలో సాహచర్యం ఎక్కువ. ఆడ్స్ రేషియో (రోగుల్లో పొగ తాగేవారికీ తాగనివారికీ ఉన్న నిష్పత్తిని పోలిక వర్గంలోని అదే నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) కడితే మగవారిలో 14, ఆడవారిలో 2.5, దాని ప్రకారం మగవారిలో చాలా ఎక్కువ. ఒకే పట్టిక నుంచి వచ్చిన రెండు కొలతలు ఇలా ఎదురెదురుగా ఎందుకున్నాయంటే, ఆనాటి లండన్ మగవారిలో పొగ తాగనివారు అతి తక్కువ. ఒక వర్గం అంత సన్నగా ఉన్నప్పుడు ఫై పెద్దది కాలేదు. వ్యాధి కారణాలను వెతికేటప్పుడు మా శాఖవారు ఆడ్స్ రేషియోను ఎందుకు ఎంచుకుంటారో ఈ పట్టిక చూస్తే తెలుస్తుంది. పి-విలువ ఒక్కటే రాసి వదిలేసిన థీసిస్‌లో ఈ చర్చకు చోటే ఉండదు.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ గురించి కూడా ఒక మాట. ఆడవారి పట్టికలో అంచు మొత్తాలు 60, 60, 51, 69. ఈ నాలుగూ తెలిసి, ఒక గడిలో 19 అని రాయగానే మిగిలిన మూడు గడులు 41, 32, 28 అని వాటంతట అవే నిండిపోతాయి. స్వేచ్ఛగా మారగలిగేది ఒక్క గడే. 1900లో ఈ పరీక్షను కనిపెట్టిన కార్ల్ పియర్సన్ ఇలాంటి పట్టికకు 3 డిగ్రీలు తీసుకోవాలన్నాడు. అది 1 మాత్రమేనని ఫిషర్ 1922లో చూపించాడు. మూడు డిగ్రీలకు పట్టిక విలువ 7.81 కాబట్టి, పియర్సన్ లెక్కనే నమ్ముకుని ఉంటే ఆడవారి 5.76 సార్థకం కాకుండా పోయేది. ఆశించిన సంఖ్యలు మరీ చిన్నవైన చోట వాడే కచ్చిత పరీక్ష కూడా ఫిషర్ పేరుతోనే ఉంది. ఆ ఫిషరే 1950ల చివర్లో పొగకూ క్యాన్సర్‌కూ రెండింటికీ వెనుక ఏదో జన్యు లక్షణం ఉండవచ్చని వాదించాడు. సాహచర్యం ఉందన్న సంగతిని ఆయన కాదనలేదు. దాని కారణం గురించే వాదన. ఆ వాదన తేలడానికి మరిన్ని పరీక్షలు ఆ పట్టికకే చేస్తే సరిపోలేదు. 1951లో బ్రిటన్ వైద్యులకు ప్రశ్నావళి పంపి, ఏళ్ల తరబడి వారిని గమనించడం వంటి వేరే రకం అధ్యయనాలు కావలసి వచ్చాయి.

మంజీర (తిరిగి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫై, ఆడ్స్ రేషియో అలా ఎదురెదురుగా ఉండడం నేను ఎక్కడా చదవలేదు. ఇప్పుడు నా థీసిస్ ప్రణాళికలోని ఒక విషయం అడుగుతాను. అవగాహన ప్రశ్నావళికి 30 మార్కులు. 50 శాతం కన్నా తక్కువైతే అరకొర అవగాహన, 50 నుంచి 75 శాతం వరకు మధ్యస్థం, ఆపైన తగినంత అని మూడు స్థాయిలుగా విభజించి, తల్లి చదువును నాలుగు వర్గాలుగా తీసుకుని కై-స్క్వేర్ చేయాలనుకున్నాము. ఇలా పది నేపథ్య వివరాలతో పది పట్టికలు వేస్తాము. ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా?

సమాధానం: గోదారిగట్టు

ఉంది, మంజీర గారూ. ఒకటి కాదు, మూడు ఉన్నాయి.

మూడు స్థాయిలు, నాలుగు వర్గాలు అంటే 12 గడులు. 60 మందిని 12 గడుల్లో సర్దితే గడికి సగటున 5 మంది. నిజంగా వారు సమానంగా సర్దుకోరు కాబట్టి, చాలా గడుల్లో ఆశించిన సంఖ్య 5 కన్నా తక్కువే ఉంటుంది. 20 శాతం గడులకు మించి 5 కన్నా తక్కువ ఉండకూడదని, ఏ గడిలోనూ 1 కన్నా తక్కువ ఉండకూడదని కోక్రన్ 1954లో ఇచ్చిన సూచనను ఇప్పటికీ చాలామంది పాటిస్తారు. మీ పట్టిక ఆ సూచనను నిలబెట్టుకోవడం కష్టం. ఇక్కడ చూడవలసింది ఆశించిన సంఖ్యనే గానీ గమనించిన సంఖ్యను కాదు. ఒక గడిలో సున్నా ఉన్నంత మాత్రాన పరీక్ష చెల్లకుండా పోదు.

అంతకన్నా నన్ను ఎక్కువగా బాధించేది మార్కులను స్థాయిలుగా నరకడం. 14 మార్కులు వచ్చిన తల్లి ఒక స్థాయిలో, 15 వచ్చిన తల్లి పై స్థాయిలో ఉంటారు. 15 వచ్చిన తల్లి, 22 వచ్చిన తల్లి మాత్రం ఒకే స్థాయిలో ఉంటారు. ఒక్క మార్కు తేడాను నిలబెట్టి, ఏడు మార్కుల తేడాను చెరిపేశారు. మీరు ఒక్కొక్క తల్లి మంచం పక్కన కూర్చుని ముప్పై ప్రశ్నలు అడిగి తెచ్చిన సమాచారాన్ని ఇలా పారబోయకండి. స్థాయిలవారీగా ఎంతమంది ఉన్నారో చెప్పే పట్టిక ఒకటి వేసుకోండి, అది చదివేవారికి పనికొస్తుంది. పరీక్ష మాత్రం అసలు మార్కులతోనే చేయండి. ఉద్యోగం చేసేవారు, చేయనివారు అనే రెండు వర్గాల మధ్య అయితే టీ-పరీక్షగానీ మాన్-విట్నీ పరీక్షగానీ; మూడు, నాలుగు వర్గాలైతే అనోవాగానీ క్రస్కల్-వాలిస్ పరీక్షగానీ సరిపోతుంది. చదువు విషయంలో ఇంకో సంగతి ఉంది. నిరక్షరాస్యత, ప్రాథమిక విద్య, పదో తరగతి, ఆపై చదువు అన్నవాటికి ఒక వరుస ఉంది. కై-స్క్వేర్‌కు ఆ వరుసతో పని లేదు. నిలువు వరుసలను మీ ఇష్టం వచ్చినట్టు తారుమారు చేసినా అదే విలువ వస్తుంది. చదువు పెరిగేకొద్దీ అవగాహన పెరుగుతోందా అన్నది మీ ప్రశ్న అయితే, స్పియర్‌మన్ కోటి (ర్యాంకు) సహసంబంధం గానీ కెండాల్ టౌ గానీ ఆ వరుసను లెక్కలోకి తీసుకుంటాయి.

ఇక పది పట్టికలు. పది వివరాల్లో దేనికీ అవగాహనతో ఏ సంబంధమూ లేదనుకున్నా, పరీక్షలు ఒకదానిమీద ఒకటి ఆధారపడవనుకుంటే, 5 శాతం స్థాయిలో కనీసం ఒకటైనా సార్థకంగా కనిపించే అవకాశం 40 శాతం. థీసిస్‌లలో "మతంతో మాత్రమే సార్థకమైన సాహచర్యం కనిపించింది" వంటి ఫలితాలు చదివినప్పుడల్లా నాకు ఈ 40 శాతమే గుర్తుకొస్తుంది. ఏ రెండు మూడు వివరాలకు అవగాహనతో సంబంధం ఉండడానికి కారణం ఉందో ముందే ఆలోచించి రాసుకోండి. మిగతావి కూడా చేయాల్సి వస్తే బాన్‌ఫెరోని పద్ధతిలో 0.05ను పదితో భాగించి, 0.005 దగ్గర హద్దు పెట్టుకోండి.

సమాధానం: తూరుపుతీరం

పైన చెప్పినవాటికి నేను చేర్చవలసింది స్కాటర్ ప్లాట్. ఆర్ విలువను చూడకముందే గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టండి. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో 11 జతల చొప్పున నాలుగు సమాచార సముదాయాలు తయారుచేశాడు. నాలుగింటిలోనూ ఆర్ 0.816, కాబట్టి టీ విలువ కూడా నాలుగింటిలో 4.24 దరిదాపుల్లోనే, పి-విలువ 0.002. పరీక్ష దృష్టిలో నాలుగూ ఒకటే. బొమ్మ గీస్తే మొదటిది మామూలు సరళ సంబంధం, రెండోది వంపు తిరిగిన రేఖ, మూడోదాంట్లో పది చుక్కలు ఒకే సరళరేఖ మీద ఉండి ఒక్కటి ఎగిరి పైన పడింది, నాలుగోదాంట్లో పది చుక్కల ఎక్స్ విలువ 8, ఒక్కదానిది 19. ఆ ఒక్క చుక్కను తీసేస్తే నాలుగోదాంట్లో సహసంబంధం అన్న ప్రశ్నే ఉండదు. మూడోదానికి కోటులు (ర్యాంకులు) వేసి స్పియర్‌మన్ గుణకం కట్టి చూడండి. ఎక్స్ 13 దగ్గర వై 12.74 ఉన్నందువల్ల చివరి రెండు కోటులు మాత్రమే తారుమారవుతాయి, కోటుల తేడాల వర్గాల మొత్తం 2, గుణకం 0.991. దృక్పథం మార్కులు లైకర్ట్ స్కేలు (ఒక మాటతో ఎంతవరకు ఏకీభవిస్తారో అంకెల్లో అడిగే పద్ధతి) మీద వచ్చినవి కాబట్టి, చాలామంది పై అంచు దగ్గరే గుమిగూడితే పియర్సన్ పక్కన స్పియర్‌మన్ కూడా చూపించడం మంచిది.

కారణాల సంగతి ఓరుగల్లు గారు ఎత్తారు కాబట్టి మీ అంశంలోనే చూద్దాం. చదువు పెరిగితే అవగాహనా పెరగవచ్చు, దృక్పథమూ మెరుగుపడవచ్చు. చదువుకు ఆ రెండింటితోనూ 0.5 చొప్పున సహసంబంధం ఉందనుకోండి. అప్పుడు చదువును స్థిరంగా ఉంచి పాక్షిక సహసంబంధం కడితే, లవంలో 0.25 నుంచి 0.5, 0.5ల లబ్ధమైన 0.25ను తీసివేయాలి, మిగిలేది సున్నా. అంటే మీ అభ్యాసంలోని 0.25 మొత్తం చదువు ద్వారానే వచ్చి ఉండవచ్చు. దీన్ని పరీక్షించడం మొదటి లెక్కలాగానే ఉంటుంది. ఒక చలరాశిని స్థిరపరిచినందుకు డిగ్రీలు ఎన్ మైనస్ 2 బదులు ఎన్ మైనస్ 3 అవుతాయి.

కై-స్క్వేర్ చరిత్ర వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి తీరాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చదివిన సి.ఆర్. రావు గారు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్షను (పరికల్పనలను పరీక్షించే ఒక సాధారణ పద్ధతి) ఇలాంటి పట్టికకు అన్వయిస్తే సరిగ్గా పియర్సన్ కై-స్క్వేర్ సూత్రమే వస్తుంది. పియర్సన్ తన సూత్రాన్ని వేరే దారిలో కనుగొన్నాడు; అది ఒక విశాలమైన పద్ధతిలో ఒక సందర్భమన్నది దాదాపు అర్ధశతాబ్దం తర్వాత అలా స్పష్టమైంది. ఎమ్మెస్సీలో ఈ నిరూపణను ఒక్కసారైనా పూర్తిగా చేయించాలని నేను పట్టుబడతాను.

మంజీర (తిరిగి)

గైడ్ మేడమ్‌తో మాట్లాడాను. శాంపిల్ 85కు పెంచడానికి, పరీక్షలు అసలు మార్కులతోనే చేయడానికి ఒప్పుకున్నారు. చివరిగా ఒక్కటి. ఫలితం సార్థకం కాకపోతే "శూన్య పరికల్పనను అంగీకరించడమైనది" అని రాసే పద్ధతి మా దగ్గర ఉంది. అలా రాయవచ్చా?

సమాధానం: ఓరుగల్లు

రాయకండి. అభ్యాసంలోని 60 మంది ఫలితమే మీ థీసిస్‌లో వచ్చి ఉంటే నేను ఇలా రాయమనేదాన్ని: "అవగాహన మార్కులకూ దృక్పథం మార్కులకూ మధ్య సహసంబంధ గుణకం 0.25 (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మైనస్ 0.004 నుంచి 0.47; పి = 0.054). 5 శాతం స్థాయిలో శూన్య పరికల్పనను తిరస్కరించడానికి తగిన ఆధారం లభించలేదు. అయితే మధ్యస్థమైన ధన సహసంబంధం ఉండే అవకాశాన్ని ఈ శాంపిల్ తోసిపుచ్చడం లేదు." సార్థకమైనప్పుడు కూడా వాక్యం ఇదే క్రమంలో ఉండాలి: ముందు గుణకం, తర్వాత ఇంటర్వెల్, ఆ తర్వాతే పి-విలువ. పి-విలువను "0.05 కన్నా తక్కువ" అని కాకుండా వచ్చిన సంఖ్యను ఉన్నదున్నట్టు రాయండి, అప్పుడు మీ ఫలితాన్ని తర్వాతివారు మరో అధ్యయనంతో కలిపి చూసుకోగలుగుతారు.